తీగను వదిలిన నంబరు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు ఫోన్ చేసినప్పుడు ఒక షరతు కూడా పెట్టారు. "బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నువ్వు చేసిన పని గురించి రాయి, మాస్టార్లకీ పిల్లలకీ అర్థమయ్యేట్టు రాయి" అన్నారు. నేను 1985 పదో తరగతి బ్యాచ్. ఇంజినీరింగ్ అయినప్పటి నుంచీ టెలిఫోన్ స్విచింగ్‌లోనే ఉన్నాను. ఇద్దరు మాట్లాడుకోవాలంటే వాళ్ల మధ్య దారి కలపాలి, ఆ కలపడమే స్విచింగ్. ఆ పని మొదట మనుషులు చేశారు, తర్వాత ఇనుము చేసింది, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేస్తోంది. యంత్రాల పేర్లన్నీ వరసగా చెబితే ఈ చరిత్ర ఎవరికీ గుర్తుండదు. అందుకని ఒక్క ప్రశ్న పట్టుకుని చెబుతాను: ఫోన్ నంబరు అంటే ఏమిటి?

మనం చదువుకునే రోజుల్లో ఈ ప్రశ్నకు జవాబు చాలా సులువు. పోస్టాఫీసు వెనక గదిలో చేత్తో కలిపే బోర్డు ఉండేది. హెడ్మాస్టారి గదిలోని నల్ల ఫోనుకు పక్కన చిన్న పిడి. అది గిర్రున తిప్పితే అక్కడ ఆపరేటరుకు తెలిసేది. మన బడి నంబరు రెండంకెలే. ఆ నంబరంటే బోర్డు మీద ఒక కన్నం. ఆ కన్నం వెనక నుంచి జత తీగలు బయల్దేరి, స్తంభాల మీదుగా వచ్చి హెడ్మాస్టారి బల్ల దగ్గర ఆగేవి. నంబరంటే తీగ, తీగంటే చోటు. పొరుగూరికి ట్రంకు కాల్ బుక్ చేసి గంటలు కూర్చోవడం, అర్జంటు కాల్, లైట్నింగ్ కాల్, పీపీ కాల్ - ఇవన్నీ మన ముందు బ్యాచ్‌లవాళ్లు నాకంటే బాగా చెప్పగలరు. అయితే ఆ ఆపరేటరు గురించి ఒక్క మాట చెప్పాలి. డాక్టరుగారి నంబరు అడిగితే, "ఆయన ఇంట్లో లేరండీ, రైసు మిల్లుకి వెళ్లారు, అక్కడికి కలపమంటారా?" అనేవాడు. ఇంత తెలివైన స్విచ్ మళ్లీ రావడానికి ప్రపంచానికి చాలాకాలం పట్టింది.

మనిషిని తప్పించి యంత్రాన్ని పెట్టినవాడు అమెరికాలో కాన్సస్ సిటీకి చెందిన ఆల్మన్ స్ట్రౌజర్. ఆయన వృత్తి శవాల అంత్యక్రియలు జరిపించడం. ఊళ్లో పోటీదారుడి భార్య ఆపరేటరుగా ఉండి తనకు రావలసిన కాల్స్ అన్నీ మొగుడికి కలిపేస్తోందని కోపం వచ్చి ఈ యంత్రం కనిపెట్టాడని అంటారు. కథలో నిజమెంతో గాని పేటెంటు మాత్రం 1891 నాటిది. మరుసటి ఏడాది ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్‌లో ఆయన ఎక్స్ఛేంజి మొదలైంది. మన దేశంలో మొదటి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి 1913-14లో సిమ్లాలో వచ్చింది. స్వతంత్రం వచ్చాక బెంగళూరులో ఐటీఐ పెట్టి మనమే ఈ స్ట్రౌజర్ పరికరాలు తయారుచేసుకున్నాం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇక తీసిపారేయబోతున్న ఒక స్ట్రౌజర్ ఎక్స్ఛేంజి చూశాను. హాలు నిండా టకటకమని చప్పుడు, నూనె వాసన. డయలు మీద 4 తిప్పితే నాలుగు విద్యుత్ పల్స్‌లు వెళ్తాయి, సెలెక్టరు నాలుగు మెట్లు పైకెక్కుతుంది. 7 తిప్పితే ఏడు అడుగులు పక్కకు తిరుగుతుంది. అక్కడ ఉన్న కొసే 47వ లైను. అంటే చందాదారుడి వేలే ఎక్కడో వీధుల అవతల ఉన్న ఇనుప చేతిని కదిలిస్తోందన్నమాట. నంబరు ఇంకా చోటే. పదంతస్తులు, అంతస్తుకు పది గదులు ఉన్న భవంతిలో ఒక గది. ఇల్లు మారి ఊరి అవతలి కొసకు, ఇంకో ఎక్స్ఛేంజి పరిధిలోకి వెళ్తే నంబరు పోయేది. కొత్త నంబరు కార్డు మీద రాసి బంధువులందరికీ పంపేవాళ్లం.

తర్వాత వచ్చిన క్రాస్‌బార్ ఎక్స్ఛేంజీల మీద ఎక్కువ చెప్పను. మన దేశపు వేడికీ దుమ్ముకీ రద్దీకీ అవి నిలబడలేదు, వాటితో వేగిన పెద్దలు ఇప్పటికీ తిడతారు. కానీ వాటిలో ఒక ముఖ్యమైన మార్పు ఉంది. నొక్కిన అంకెలను మొదట ఒకచోట పోగుచేసి, పూర్తి నంబరు చూశాకే దారి వెతికేవి. మెదడు, చెయ్యి వేరవడం అక్కడ మొదలైంది.

ఆ మెదడు స్థానంలో కంప్యూటరును కూర్చోబెట్టింది బెల్ ల్యాబ్స్. న్యూజెర్సీలోని సక్కసన్నాలో 1965 మే నెలలో నంబర్ 1 ఈఎస్ఎస్ అనే ఎక్స్ఛేంజి మొదలైంది. కాల్స్ వరదలా వచ్చిపడినప్పుడు కంప్యూటరు ఏ పని ముందు చెయ్యాలి, ఏది ఆపాలి అన్నది పెద్ద చిక్కు. దాన్ని విప్పినవారు ఎర్నా హూవర్ అనే గణితవేత్త. కూతుర్ని కని ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఆ పద్ధతి మొదటి చిత్రాలు గీశారు. 1971లో పేటెంటు వచ్చింది. మన బడిలో లెక్కలంటే ఇష్టపడే ఆడపిల్లలు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడి నుంచి నంబరంటే చోటు కాదు, కంప్యూటరు జ్ఞాపకంలో ఒక పట్టిక వరస. ఎడమవైపు నంబరు, కుడివైపు తీగ. నంబరు మార్చాలంటే తీగ విప్పి కట్టనక్కర్లేదు, పట్టికలో మారిస్తే చాలు. 2011 జనవరిలో దేశమంతటా నంబరు మార్చకుండా కంపెనీ మారే సౌకర్యం వచ్చిందంటే, దాని పునాది ఈ పట్టికే.

మన దగ్గర ఈ మార్పు పల్లెలదాకా తెచ్చింది సీ-డాట్. 1984 ఆగస్టులో శాం పిట్రోడా చొరవతో మొదలైంది. 36 నెలలు, 36 కోట్ల రూపాయలు అన్నది అప్పటి లెక్క. పట్నాల ఎక్స్ఛేంజిలకు ఏసీ గదులు కావాలి. మన పల్లెలో ఏసీ ఎక్కడిది? ఏసీ లేకుండా నడిచే 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజి తయారుచేశారు, పేరు రాక్స్. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. నా ఉద్యోగం మొదలైంది ఇలాంటి పెట్టెలను మన జిల్లాల్లో బిగించడంతోనే. చెక్క బీరువా అంత పెట్టె, పక్కన బ్యాటరీలు. ఎస్టీడీ లైను కలిసిన రోజున ఊరి పెద్దలు కొబ్బరికాయ కొట్టేవారు. పసుపు బోర్డుల ఎస్టీడీ బూతులు ఎంతమంది నిరుద్యోగులకు అన్నం పెట్టాయో మీకు తెలుసు. విదేశీ సామగ్రి కొని ఉంటే ఇంకా త్వరగా అయ్యేదని వాదించేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆ పెట్టెలు విప్పి చూసి నేర్చుకున్న కుర్రాళ్లే తర్వాత బెంగళూరు, హైదరాబాద్ టెలికాం సాఫ్ట్‌వేర్ కంపెనీలు నింపారు.

ఈలోగా ఇంకో విడాకులు జరిగాయి. మొదట్లో మాట నడిచే దారిలోనే "ఈ నంబరుకు కలుపు", "లైను ఖాళీ" వంటి సంకేతాలు కూడా స్వరాలుగా నడిచేవి. అమెరికాలో దూరపు లైన్ల మీద 2600 హెర్ట్జ్ స్వరం వినబడితే లైను ఖాళీ అని అర్థం. ఒక ఉదయపు ఫలహారం పొట్లంలో ఉచితంగా ఇచ్చిన పిల్లల ఈల సరిగ్గా అదే స్వరం పలుకుతుందని కొందరు కుర్రాళ్లు కనిపెట్టి, ఆ కిటుకుతో దేశమంతా ఉచితంగా మాట్లాడారు. స్టీవ్ జాబ్స్, వోజ్నియాక్ ఆపిల్ పెట్టకముందు ఇలాంటి స్వరాల పెట్టెలు తయారుచేసి అమ్మారు. మందు ఒక్కటే: సంకేతాలకు వేరే దారి వెయ్యడం. 1976 నుంచి అమెరికాలో అలా వేశారు, తర్వాత అదే ఎస్ఎస్7 అనే అంతర్జాతీయ పద్ధతి అయింది. ఈల వేసినా ఎవరూ వినరు. అయితే ఎస్ఎస్7లో ఒక నమ్మకం దాగి ఉంది. "పిలిచేవారి నంబరు ఇది" అని పంపే ఎక్స్ఛేంజి చెబితే, అందుకునే ఎక్స్ఛేంజి నమ్మేస్తుంది. అప్పట్లో ఎక్స్ఛేంజిలున్నవి ప్రభుత్వాల దగ్గర, కొద్ది పెద్ద కంపెనీల దగ్గర. నమ్మకపోవడానికి కారణమే లేదు.

సాఫ్ట్‌వేర్ చేతిలో దేశాన్ని పెడితే ఏమవుతుందో 1990 జనవరి 15న తెలిసింది. ఏటీ అండ్ టీ కంపెనీ న్యూయార్క్ ఎక్స్ఛేంజి ఒకటి చిన్న లోపంతో ఆగి, తనంతట తాను సర్దుకుని, "నేను లేచాను" అని పొరుగువాటికి కబురు పంపింది. ఆ కబురు విన్న పొరుగు ఎక్స్ఛేంజి తన పట్టిక దిద్దుకుంటుండగానే రెండో కబురు వస్తే, అది కూడా పడి లేచేది. అది లేచి కబురు పంపితే ఇంకోటి. మొత్తం 114 ఎక్స్ఛేంజిలు ఒకదాన్నొకటి పడగొట్టుకుంటూ తొమ్మిది గంటలు గడిపాయి. కారణం సి భాషలో రాసిన ప్రోగ్రాంలో తప్పుచోట పడ్డ ఒక్క "బ్రేక్" అనే ఆదేశం. అదీ "స్విచ్" అనే పేరున్న వాక్యం లోపల! కంప్యూటరు సైన్సు చదివే పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

ఇక ఇంటర్నెట్ ఫోను దగ్గరికి వద్దాం. గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్ల సంఖ్యగా రాస్తే సెకనుకు 64,000 బిట్లు అవుతాయి. డిజిటల్ ఎక్స్ఛేంజిలు ఈ సంఖ్యలనే మోసేవి, కానీ ఒక్కో కాల్‌కు ఒక్కో దారిని మొదటి నుంచి చివరిదాకా కేటాయించి. మీరు మౌనంగా ఉన్నా దారి మీదే. ఇంటర్నెట్ అలా కాదు. 20 మిల్లీసెకన్ల గొంతును, అంటే 160 సంఖ్యలను, ఒక ప్యాకెట్‌లో కట్టి, పైన చిరునామా రాసి వదులుతుంది. సెకనుకు 50 ప్యాకెట్లు, పోస్టుకార్డుల్లాగ. ఒకటి ముందు రావచ్చు, ఒకటి వెనక రావచ్చు, ఒకటి రాకపోవచ్చు. అందుకునేవైపు సాఫ్ట్‌వేర్ కాసేపు ఆగి వరస సర్దుతుంది. మరీ ఆలస్యమైనదాన్ని పారేస్తుంది, ఎందుకంటే సంభాషణలో ఆలస్యంగా వచ్చిన అక్షరం కంటే రాని అక్షరమే నయం. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే మనకు తేడా తెలియదు. పరిశోధకులు 1974లోనే అమెరికా ఆర్పానెట్ మీద ఇలా మాట్లాడి చూశారు. సామాన్యుడి కంప్యూటరుకు 1995లో ఇజ్రాయెల్ కంపెనీ వోకల్‌టెక్ తెచ్చింది. అప్పటి మాట నూతిలోంచి వచ్చినట్టుండేది. కానీ అమెరికా నుంచి ఇంటికి నిమిషానికి పదుల రూపాయలు పోసి, గడియారం చూసుకుంటూ మాట్లాడే మనవాళ్లకు అదే అమృతం.

1999లో నేను టెక్సాస్‌లోని రిచర్డ్‌సన్‌కు వెళ్లాను. డాలస్ పక్కనే, టెలికాం కంపెనీలు బారులు తీరిన ఊరు. క్యాంటీన్‌లో తెలుగు వినబడని బల్ల ఉండేది కాదు. అక్కడందరి నోటా ఒకటే మాట, సాఫ్ట్‌స్విచ్. ఆ పేరు పెట్టింది లెవెల్ 3 కంపెనీ ఇంజినీరు ఐక్ ఇలియట్ అని చెప్పుకుంటారు. ఆలోచన ఇది. పాత ఎక్స్ఛేంజిలో మూడు పనులు ఒకే ఇనుప పెట్టెలో ఉన్నాయి: కాల్‌ను నిర్ణయించే మెదడు, గొంతును మోసే కండ, ఇతర ఎక్స్ఛేంజిలతో సంకేతాలు మాట్లాడే నాలుక. మూడూ ఒకే కంపెనీ దగ్గర కొనాలి, చిన్న సౌకర్యం కావాలన్నా వాళ్లనే బతిమాలాలి. వీటిని ఎందుకు విడగొట్టకూడదు?

విడగొట్టారు. ఊరూరా మీడియా గేట్‌వే అనే పెట్టె ఉంటుంది. రాగి తీగల్లోంచి వచ్చే గొంతును ప్యాకెట్లుగా మార్చడమే దాని పని. బుద్ధి అనేది దానికి లేదు. సిగ్నలింగ్ గేట్‌వే పాత ఎస్ఎస్7 లోకంతో మాట్లాడుతుంది. మెదడు మాత్రం ఎక్కడో దూరాన, మామూలు సర్వరు మీద నడిచే ప్రోగ్రాం. అదే సాఫ్ట్‌స్విచ్. అది గేట్‌వేకు ఇలా చెబుతుంది: "ఫలానా లైను ఫోనెత్తితే నాకు చెప్పు. ఎత్తాడా? డయల్ టోన్ వినిపించు. నొక్కిన అంకెలు పోగుచేసి పంపు. ఇక ఈ ప్యాకెట్లను ఆ చిరునామాకు వదులు." ఈ ఆజ్ఞల భాషల్లో మొదటి తరానిది ఎంజీసీపీ, 1999లో ప్రచురించారు. రాజమండ్రిలో పక్క వీధుల వాళ్లిద్దరు మాట్లాడుకుంటే, కలపాలన్న నిర్ణయం వందల కిలోమీటర్ల అవతల జరగవచ్చు. మాట మాత్రం ఊరు దాటదు. మాటా నిర్ణయమూ ఒకచోట కలవాల్సిన అవసరమే పోయింది. నాలుగంతస్తుల ఎక్స్ఛేంజి భవనాలు ఖాళీ అవడానికి ఇదీ కారణం. 2001లో టెలికాం బుడగ పేలి, మా కంపెనీ మా అంతస్తు మొత్తాన్ని ఒక శుక్రవారం మధ్యాహ్నం ఇంటికి పంపింది. బుడగ పేలినా ఆలోచన చావలేదు.

దాని తర్వాతి మెట్టు సిప్ అనే భాష. మొదటి రూపం 1999 మార్చిలో, ఇప్పుడు వాడే రూపం 2002 జూన్‌లో వచ్చాయి. కొలంబియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు హెన్నింగ్ షుల్జ్‌రిన్ దీని కర్తల్లో ముఖ్యుడు. ఇక్కడ ఫోను కూడా చిన్న కంప్యూటరే. ఎక్కడున్నా ముందు సర్వరుకు "నేను ఇప్పుడు ఈ చిరునామాలో ఉన్నాను" అని చెప్పుకుంటుంది. మీరు పిలిస్తే మీ ఫోను "ఇన్వైట్" అనే ఉత్తరం పంపుతుంది. సర్వరు అవతలి ఫోను ఎక్కడుందో చూసి చేరవేస్తుంది. "మోగుతోంది" అని ఒక జవాబు, ఎత్తగానే "సరే" అని ఇంకో జవాబు. మాట ముగిశాక "బై". డాక్టరుగారు రైసు మిల్లులో ఉన్నారని చెప్పిన మన ఆపరేటరు మళ్లీ వచ్చాడన్నమాట, ఈసారి ప్రోగ్రాం రూపంలో. 2016 సెప్టెంబరులో వచ్చిన జియోలో పాత పద్ధతి కాల్స్ అసలు లేవు, మాటంతా ప్యాకెట్లే, వెనకాల పిలుపులు నడిపేది సిప్పే. ఈ వ్యాసం చదువుతున్న మీలో చాలామంది ఇవాళ ఉదయం చేసిన కాల్ ఇలా నడిచిందే.

పోయింది కూడా చెప్పాలి. పాత ల్యాండ్‌లైనుకు కరెంటు ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచే వచ్చేది, 48 వోల్టులు. ఊరు చీకట్లో ఉన్నా, తీగ తెగనంతవరకు ఫోను మోగేది. ఇంటి మూల ఫైబరు పెట్టెకు మన ఇంటి కరెంటే దిక్కు. గాలివాన సీమలో పుట్టినవాడిగా ఈ ఒక్క విషయంలో నాకు పాత ఎక్స్ఛేంజి మీదే గౌరవం.

మనకు లెక్కలు చెప్పిన మాస్టారొకరికి కిందటి ఏడాది ఒక కాల్ వచ్చింది. పోలీసులమని, ఆయన ఆధార్‌తో ఏదో నేరం జరిగిందని, ఫోను పెట్టేయవద్దని బెదిరించారు. కొడుకు సమయానికి ఇంటికి రావడంతో డబ్బు పోలేదు. ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఇది: "తెర మీద మన దేశపు నంబరే కనబడిందిరా. నంబరు అబద్ధం ఎలా చెబుతుంది?" ఆయన లోకంలో ఆ ప్రశ్న సరైనదే. కన్నం వెనక తీగ ఉన్నప్పుడు నంబరు అబద్ధం చెప్పలేదు.

సిప్ ఉత్తరంలో "ఎవరి నుంచి" అనే వరస ఉంటుంది. కవరు మీద పంపినవారి పేరులాగ అందులో పంపేవాడు ఏది రాస్తే అదే. మంచి కంపెనీ సర్వరు దాన్ని సరిచూసి దిద్దుతుంది. దిద్దని సర్వరు కూడా లోకంలో ఉంటుంది. అక్కడి నుంచి ఎస్ఎస్7లోకి దాటితే, పాత నమ్మకం ప్రకారం అందరూ ఒప్పుకుంటారు. పైగా ఎక్స్ఛేంజి పెట్టడానికి ఇప్పుడు ప్రభుత్వం కానక్కర్లేదు. అమెరికాలో మార్క్ స్పెన్సర్ అనే కుర్రాడు తన చిన్న కంపెనీకి ఫోను వ్యవస్థ కొనే డబ్బు లేక, 1999లో ఆస్టరిస్క్ అనే ప్రోగ్రాం రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఎన్నో ఆసుపత్రులు, కాల్ సెంటర్లు దానితో బాగుపడ్డాయి. దొంగలకూ అదే ఉచితం. మాటను చౌక చేసిన కోతా, నంబరును అబద్ధాలకోరును చేసిన కోతా ఒకటే: నంబరుకూ తీగకూ మధ్య వేసిన కోత.

మన ప్రభుత్వం మొదటి నుంచీ జాగ్రత్తగానే అడుగేసింది. 2002 ఏప్రిల్ 1న ఇంటర్నెట్ ఫోనును అనుమతించినా, దేశంలోని మామూలు ఫోన్లతో కలపనివ్వలేదు. ఆ తలుపు 2018లో గాని తెరవలేదు. ఆదాయం కోసమే ఆపారని మేమంతా అప్పట్లో విసుక్కున్నాం. అందులో కొంత నిజం ఉంది, కానీ అదొక్కటే కాదు. అమెరికా 2021 జూన్ నుంచి పెద్ద కంపెనీలు ప్రతి సిప్ కాల్ మీదా, ఈ నంబరు నిజంగా మా చందాదారుడిదే అని డిజిటల్ సంతకం పెట్టాలని నియమం తెచ్చింది. మన టెలికాం శాఖ 2024 అక్టోబరులో ఇంకో దారి పట్టింది. విదేశం నుంచి వస్తూ భారతీయ నంబరు చూపించే నకిలీ కాల్స్‌ను దేశపు గుమ్మం దగ్గరే ఆపే వ్యవస్థ మొదలుపెట్టింది.

గుమ్మం దాటకుండా కిటికీలోంచి వచ్చేవి ఉన్నాయి. హైదరాబాద్‌లో అద్దె గదుల్లో "అక్రమ టెలిఫోన్ ఎక్స్ఛేంజి" పట్టుబడిందని మన పత్రికల్లో అప్పుడప్పుడూ చూస్తుంటారు. రాసేవాళ్లు ఆ మాట సరిగ్గానే వాడుతున్నారు. డజన్ల కొద్దీ సిమ్‌లు గుచ్చిన పెట్టె, ఒక బ్రాడ్‌బ్యాండ్ లైను, ఒక ప్రోగ్రాం. కాల్ విదేశం నుంచి మామూలు ఇంటర్నెట్ ప్యాకెట్లుగా గదిలోకి వస్తుంది, ఒక సిమ్ లోంచి స్థానిక కాల్‌గా బయటికెళ్తుంది. నంబరు నిజమైనదే కాబట్టి గుమ్మం దగ్గరి జల్లెడకు దొరకదు. పట్టుకునే పద్ధతి వేరు. మామూలు మనిషి సిమ్ బజారుకెళ్తుంది, పొలానికెళ్తుంది, ఇంటికొస్తుంది. దానికీ కాల్స్ వస్తాయి. ఈ పెట్టెలో సిమ్ రోజంతా కాల్స్ చేస్తూనే ఉంటుంది, దానికి ఒక్కటీ రాదు, ఒకే టవరు కింద కదలకుండా కూర్చుంటుంది. కంపెనీల ప్రోగ్రాంలు ఇప్పుడు వెతికేది అలా ఒకేచోట కూర్చున్న నంబర్ల కోసమే.